మాటనుండి చిత్రము



నేటి నా ప్రసంగవిషయము మాటను చిత్రముగా మార్చు విద్య. ఇది పట్నవాసుల యంత్రముల గొడవ యనియు, పల్లెలలోని పెద్దలకు దీనితో పనిలేదనియు మీలో కొందరు తలపవచ్చును. ఈ విద్యకు మన దేశమున చిరకాలపు చరిత్ర కలదనియు, నేడిది యంత్రము చేతికి వచ్చిన పిదప దానికి మిక్కిలి కావలసిన సరకు పల్లెపెద్దల నోటనే యున్నదనియు చూపుటకు నేను ప్రయత్నింతును.

ముందుగా విషయమేమో చెప్పెదను. ఇప్పుడు కొన్ని గణనయంత్రములు కలవు. మనకు కావలసిన బొమ్మ యెట్టిదో నాలుగు మాటలలో వ్రాసియిచ్చినచో, అవి కొద్ది నిమిషములలోపుననే ఆ మాటలకు తగిన బొమ్మను కల్పించి చూపును. మీ మనుమల చేతిలోని ఫోనులో సైతము ఈ పని జరుగుచున్నది. మనమిచ్చు ఆ మాటలను ఆంగ్లమున ప్రాంప్టు అందురు. నాటకములు చూచినవారికి ఈ పేరు క్రొత్తది కాదు. తెరచాటున పుస్తకము పట్టుకొని నిలిచి, నటుడు పద్యము మరచినపుడు మొదటి మాట అందించువానిని మన నాటక సమాజములవారు ప్రాంప్టరు అనియే పిలిచిరి. అతడు మాటను సరిగా అందించిన నటుడు సరిగా పలుకును. తప్పుగా అందించిన సభ నవ్వును. యంత్రము విషయమునను అంతియే. కావున దీనిని నేను అందింపుమాట యని వ్యవహరించెదను.

మాటచే చిత్రమును నడిపించుట ఎప్పటి విద్య? మన యిండ్లలో శుభకార్యమునకు ముందు చదువు వినాయకస్తుతిని స్మరింపుడు. కట్టిన బట్ట తెల్లనిది; మేనిచాయ చంద్రునిది; చేతులు నాలుగు; ముఖము ప్రసన్నము. ఇవి యన్నియు ఒక్క శ్లోకమున నిమిడియున్నవి. ధ్యానశ్లోకములన్నియు ఇట్టివే. ఏ దేవత ఏ రంగున నుండునో, ఎన్ని చేతులుండునో, ఏ చేత నేమి పట్టునో, నిలుచునో కూర్చుండునో అవి తెలుపును. భక్తుడు వానిని చదివి మనస్సున మూర్తిని నిలుపుకొనును. శిల్పి వానిని చదివి రాతియందు నిలుపును. ఒకే మాట యిరువురకును పనికివచ్చినది. ఏలయన, అందు పొగడ్తకంటె ముందు లెక్కయు, రంగును, భంగిమయు నున్నవి.

విష్ణుధర్మోత్తర పురాణము మూడవ ఖండమున చిత్రసూత్రమను భాగము కలదు. మార్కండేయుడు వజ్రుడను రాజునకు చిత్రకళను బోధించు సందర్భమది. వేసవిని చిత్రించుట యెట్లని అందు చెప్పినది గమనింపదగినది. ఎండ మెండుగా నున్నదని వ్రాసిన చిత్రకారునకు దారి దొరకదు. కావున అలసిన మనుష్యులను, నీడ చేరిన మృగములను, బురదలో పడియున్న దున్నలను, ఎండిన చెరువులను చూపుమని ఆ గ్రంథము బోధించుచున్నది. రాత్రిని చూపుటకు చంద్రుడు, నక్షత్రములు, నిద్రించు జనులు, తిరుగు దొంగలు. భావమును కంటికి కనబడు వస్తువులలోనికి దింపుట యిందలి కీలకము. నేటి యంత్రములకు అందింపుమాటలు వ్రాయుట నేర్పువారు చెప్పు మొదటి పాఠమును ఇదియే.

ఇక మధ్యకాలమునకు వత్తము. నేను నివసించునది సికింద్రాబాదునందలి కార్ఖానా యను పేట. కార్ఖానా పారసీక పదము, కార్ అనగా పని, ఖానా అనగా ఇల్లు, పనియిల్లని యర్థము. మొగలు చక్రవర్తుల కొలువులో ఇట్టి పనియిండ్లు పెక్కులుండెడివి. నేతకొకటి, ఆయుధములకొకటి, చిత్రలేఖనమునకొకటి. 1556 మొదలు 1605 వరకు ఏలిన అక్బరు కాలమున చిత్రశాలయందు హంజానామా యను కథాగ్రంథమునకు సుమారు 1,400 పెద్ద చిత్రములు తయారైనవి. దాదాపు పదునైదేండ్లు పట్టిన ఈ పనిని మొదట మీర్ సయ్యద్ అలీయు, పిదప అబ్దుస్సమదును నడిపించిరి. నేడు వానిలో కొలది వంతు మాత్రమే మిగిలియున్నది. ఒక వైపున బొమ్మ, రెండవ వైపున కథ: మాటయు చిత్రమును ఒకే పుటకు రెండు ముఖములైనవి.

ఆ కాలపు గ్రంథములలోని కొన్ని చిత్రముల అంచున రెండు పేర్లు కనబడును. తర్హ్ అనగా రూపురేఖ నిర్ణయించినవాడు. అమల్ అనగా రంగులు నింపి పని ముగించినవాడు. బసావన్ వంటి గొప్ప చిత్రకారుడు తర్హ్ చేయగా మరియొకడు అమల్ చేసెను. బొమ్మను తలచుట ఒకరి పని, చేయుట వేరొకరి పని కావచ్చునని ఆనాడే గుర్తించి, ఇరువురి పేర్లును వ్రాసియుంచిరి. ఈ న్యాయమును మీరు జ్ఞాపకముంచుకొనవలెను. చివర దీనితో నాకు పని యున్నది.

నక్ష్ అను మాటనుండియే మనకు నకాషీ యను మాట వచ్చినది. హైదరాబాదునకు ఈశాన్యముగా, నేటి సిద్దిపేట జిల్లాలో, చేర్యాల యను ఊరు కలదు. అచ్చటి నకాషీలు వ్రాయు పటములు మీలో పలువురు చూచియేయుందురు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టించి, ఆరిన పిదప దానిపై కథను వరుసగా వ్రాయుదురు. వెనుక నేల యెఱ్ఱనిది. పటము గజము వెడల్పున, అరువది అడుగుల వరకును సాగుట కలదు. ఈ పటమును కోరువాడు కథకుడు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను, గౌడజెట్టివారు గౌడులకు గౌడపురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును పటము విప్పి చెప్పుచు ఊరూర తిరుగుదురు.

క్రొత్త పటము కావలసివచ్చినపుడు కథకుడు నకాషీయింటికి వచ్చి కథ చెప్పును. నకాషీ విని వ్రాయును. ఏ ఘట్టము ముందు, ఏది పిదప, ఎవరు గుఱ్ఱమెక్కిరి, ఎవరు నడచిరి, ఎవరి చేత నేమున్నది, అన్నియు నోటి మాటగానే సాగును. అందింపుమాటకు ఇంతకంటె మంచి నిదర్శనము మన తెలుగునాట వేరొకటి నాకు కనబడదు. ఇక్కడ వినువాడు ఆ ఊరివాడే. గౌడుని మోకు ఎట్లుండునో, మగ్గము గుంట యెక్కడ నుండునో అతనికి చెప్పనక్కరలేదు. కథకుడు సగము చెప్పిన, తక్కిన సగమును అతడు తన బ్రతుకునుండి పూరించును. ఈ సంగతి మరువకుడు. యంత్రమునకు లేనిది ఇదియే.

ఛాయాచిత్రము వచ్చినపుడు మాటతో పని తగ్గినది. మీరట్ ప్రాంతమున సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీన్‌దయాళ్ 1886లో మా సికింద్రాబాదునందు ఛాయాచిత్రశాలను స్థాపించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను అతనికి రాజా యను బిరుదునిచ్చి గౌరవించెను. అతని పెట్టె ముందు నిలిచిన మనుష్యుని వెలుగే పలకపై ముద్రించెను. చిత్రకారుడు కోణమును, ఘడియను ఎంచుకొనవచ్చును గాని లేని ఏనుగును నిలుపజాలడు. కావుననే నూరేండ్లకు పైగా ఛాయాచిత్రము మన న్యాయస్థానములందును, పత్రికలందును సాక్షిగా చెల్లినది. బొమ్మ యున్నదన్న వస్తువున్నదని జనులు నమ్మిరి.

ఆ నమ్మకమునకు పరీక్షాకాలము ఇప్పుడు వచ్చినది. 2015లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమునందు కొందరు పరిశోధకులు వాక్యమునుబట్టి బొమ్మను కల్పించు యంత్రవిధానమును ప్రకటించిరి. ఆ బొమ్మలు తపాలాబిళ్లకంటె చిన్నవి, అలికినట్లుండెడివి. 2021 జనవరిలో ఓపెన్‌ఏఐ అను సంస్థ డాల్-ఈ యను యంత్రమును, 2022 ఏప్రిల్‌లో దాని రెండవ రూపమును ప్రకటించెను. అదే యేట జూలైలో మిడ్‌జర్నీ, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ జనుల చేతికి వచ్చినవి. ఏడేండ్లలో మసకమరక కాస్త ఛాయాచిత్రమును పోలు బొమ్మ యైనది.

ఇది యెట్లు పనిచేయునని మీరడుగుదురు. చిన్ననాట మబ్బులలో ఏనుగును, గుఱ్ఱమును చూచియుందురు గదా? ఏనుగున్నది చూడుమని ప్రక్కవాడు చెప్పగానే ఆ మబ్బు ఏనుగుగా తోచును. యంత్రము చేయునది ఇంచుమించు ఇదియే. మొదట దానికి కోట్లకొలది బొమ్మలను, ప్రతి బొమ్మతోపాటు దానినిగూర్చిన మాటలను చూపుదురు. 2022లో ప్రకటింపబడిన ఒక పట్టికలో 585 కోట్ల జంటలు కలవు. బొమ్మపై ఇసుక చల్లినట్లు చుక్కలు చల్లి పాడుచేసి, ఆ చుక్కలను తొలగించుట దానికి అభ్యాసము చేయింతురు. పిదప వట్టి చుక్కల గుంపునే దాని ముందుంచి, మన మాటలను అందించి, ఇందు ఈ వస్తువున్నది, తుడిచి చూపుమందురు. అది అంచెలంచెలుగా తుడిచి, మన మాటకు దగ్గరగు బొమ్మను తేల్చును. దానికి కన్ను లేదు, ఊరు లేదు. తాను చూచిన బొమ్మల పోలికలే దాని పెట్టుబడి.

కావుననే అది యెక్కువగా చూచినదే యెక్కువగా చూపును. 2023లో రెస్ట్ ఆఫ్ వరల్డ్ అను పత్రిక మిడ్‌జర్నీని పరీక్షించి, కొన్ని దేశములకు సంబంధించిన మూడువేల బొమ్మలను పరిశీలించెను. భారతీయ వ్యక్తి యని యడిగినచో, దాదాపు ప్రతిసారియు గడ్డము గల ముసలివాడే వచ్చెను. నూటనలుబది కోట్ల జనులకు ఒక్కటే మొగము! ఆ తొలి యంత్రములు ప్రధానముగా ఆంగ్లపు మాటలతో పెరిగినవి. మన మాటలకు జతగా అవి చూచిన బొమ్మలు చాల తక్కువ.

నేను స్వయముగా చేసిన యొక ప్రయోగమును చెప్పెదను. బోరుబావులు రాకముందు మన పొలములకు నీరు పెట్టినది మోట. అది నేటి పిల్లలకు తెలియదు. నేనొక యంత్రమునకు మోటబావి యని మాత్రమిచ్చితిని. గిలక, చేద, బిందె పట్టిన స్త్రీ, వీనితో చేదబావి వచ్చెను. అంతట మా పేటలో కొడుకు నొద్ద నుండు ఒక వృద్ధ కాపును అడిగితిని. అతడు చెప్పినదిది: రాతికట్టు బావి, బావి యంచున రెండు గుంజలు, వానిపై గిలక, తోలుతొండము గల ఇనుపబాన, లావుపాటి మోకు, బావినుండి దూరముగా పల్లమునకు దిగు బాట, ఎద్దులు బావికి వీపు త్రిప్పి ఆ పల్లమునకు దిగుచుండును, తోలువాడు మోకు మీద కూర్చుండి తన బరువును సైతము కలుపును, బాన పైకి వచ్చి తొండమునుండి నీరు తొట్టిలో పడి కాలువ పట్టును.

ఈ మాటలనే యిచ్చితిని. రెండవ బొమ్మ చాల దగ్గరగా వచ్చెను గాని ఎద్దులు బావివైపు మొగము పెట్టియుండెను. వృద్ధుడు చూచి నవ్వెను. అట్లు తోలిన ఎద్దులు బావిలో పడుననెను. ఎద్దుల వీపులు బావికి, మొగములు పొలమునకు, అని విడమరచి వ్రాయగా నాలుగవ మారు సరియైనది. యంత్రము తన తప్పును తానెరుగలేదు. మోటను తోలిన మనుష్యుడు ఒక్క చూపులో ఎరిగెను. మంచి అందింపుమాట వ్రాయుటకు కావలసినది మొట్టమొదట వస్తుజ్ఞానము, భాషాచమత్కారము పిమ్మటిది.

దీనినుండి కొన్ని నియమములు తేలును. మొదట వస్తువేదియో, ఎందరో, ఏమి చేయుచున్నారో చెప్పవలెను. పిదప దేనితో చేసినది, ఏ రంగు, క్రొత్తదా పాతదా యనుట. ఆపైన చోటు, కాలము, వెలుగు: చెరువుగట్టా, సంతయా, కార్తెలలో ఏది, ఎండ ఏ వైపునుండి. తరువాత చూచువాడెంత దూరమున నిలిచెను. ఊరంతయు కనబడవలెనా, చేయి మాత్రమే కనబడవలెనా యనుట. చివర ఏ తీరున: రంగుల చిత్రమువలెనా, గీతల బొమ్మవలెనా. అందమైన, అద్భుతమైన వంటి మాటలు పదియున్నను అవి ఒక తాటిచెట్టుకు సాటిరావు. వద్దన్న వస్తువును పేరెత్తకుండుట మేలు. ఏనుగు లేని వీథి యన్నచో తొలి యంత్రములు ఏనుగునే తెచ్చెడివి. కావలసినదానినే చెప్పవలెను. వ్రేళ్లను, చేతులను లెక్కించి చూడవలెను. తెలుగు అక్షరములు బొమ్మలో వచ్చినచో చదివి సరిచూడక జాతర ప్రకటనకు గాని పెండ్లిపత్రికకు గాని వాడరాదు.

ఇంతవరకు విద్య. ఇక ధర్మము. 2022లో పోలండు దేశపు చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరును జనులు తమ అందింపుమాటలలో సుమారు 93,000 మారులు వాడిరని వార్త వెలువడెను. అతనివలె వ్రాయుమని యంత్రమునకు చెప్పుటకు అతని యనుమతి యెవ్వరును కోరలేదు. అతనికి పైకము ముట్టలేదు. రేపు చేర్యాల తీరున పటము వ్రాయుమని యొకడు ఫోనులో చెప్పినచో, బట్టకు సుద్ద పూసి తరములుగా బ్రతికిన యింటికి ఏమి మిగులును? మొగలు చిత్రశాల రెండు పేర్లు వ్రాసినది. మనము కనీసము ఒక పేరైనను వ్రాయవలదా? అమెరికా దేశపు గ్రంథస్వామ్య కార్యాలయము 2025 జనవరిలో ఒక నివేదిక వెలువరించి, అందింపుమాట వ్రాసినంత మాత్రమున ఆ బొమ్మకు కర్త కాజాలడని తెలిపెను. మనకు నిజమైన పటము కావలసిన, నకాషీ యింటికే పోవుట న్యాయము.

రెండవది సాక్ష్యము. 2025 మార్చి చివర, హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల భూమిని చదును చేయుటకు యంత్రములు దిగినవి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని ఆపుమని ఉత్తరువిచ్చెను. చెట్లు కూలుట వాస్తవము. కోర్టే దానిని పట్టించుకొన్నది. అదే సమయమున, యంత్రముల ముందు పరుగెత్తు జింకలును, నెమళ్లును గల కల్పిత చిత్రములు ఫోనులలో వ్యాపించినవి. ప్రభుత్వము ఆ కల్పిత చిత్రములపై విచారణకు పూనుకొనెను; వానిని పంచుకొన్నవారిలో కొందరికి పోలీసు నోటీసులు వచ్చినవి. దీనివలన కలిగిన ఫలితమేమి? నిజముగా కూలిన చెట్టు మాట వెనుకబడి, కల్పిత జింక మాట ముందుకు వచ్చెను. కల్పిత చిత్రము అబద్ధమునకే గాక నిజమునకును చేటు తెచ్చును. నిజమైన ఛాయాచిత్రమును గూడ ఇది యంత్రపు బొమ్మయని త్రోసివేయుటకు దారి యిచ్చును.

కావున పల్లెపెద్దలగు మీకు నా మనవి రెండు విధములు. మొదటిది జాగ్రత్త. ఫోనులో వచ్చిన బొమ్మను చూచి గ్రామమున తగవు పెంచుకొనవలదు; ఎవరు తీసిరి, ఎప్పుడు, ఎచ్చట అని యడుగుడు. మూడింటికి సమాధానము లేని బొమ్మను సాక్ష్యముగా గ్రహింపవలదు. రెండవది మీరు చేయదగిన పని. మోట, ఏతము, గాదె, మండువాలోగిలి, గొంగడి నేయు మగ్గము, ఎడ్లబండి కట్టు తీరు, ఇవి మీ కన్నులు చూచినవి. వానిలో పెక్కింటికి ఛాయాచిత్రములు లేవు, ఉన్నను యంత్రము చూచియుండదు. మీ మనుమని కూర్చుండబెట్టుకొని, కథకుడు నకాషీకి చెప్పినట్లు, ఒక్కొక్క వస్తువును చెప్పుడు. అతడు వ్రాయును, యంత్రము గీయును, మీరు తప్పు దిద్దుడు. బొమ్మ క్రింద ఇది కల్పిత చిత్రమనియు, ఎవరు చెప్పగా ఏ యేట చేసిరనియు వ్రాయింపుడు. ముఖ్యముగా, మీరు చెప్పిన మాటలను ఒక పుస్తకమున వ్రాయించి భద్రపరచుడు. బొమ్మ చెరిగిపోయినను ఆ మాటలున్నచో మరల బొమ్మ వచ్చును. మాటలు పోయినచో ఎంత గొప్ప యంత్రమైనను ఎద్దులను బావివైపునకే త్రిప్పి నిలుపును. అది తప్పని చెప్పుటకు అప్పుడెవ్వరు నుండరు.